మంచి జాబు ఏల చేరలేదు?



గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ పాఠమును ప్రారంభింతును. సంగతి చిన్నదే యైనను, దానివలన ఒక బాలునికి కలిగిన నష్టము చిన్నది కాదు.

8వ తరగతి చదువువారికి 'నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్' అను పరీక్ష యొకటి గలదని మీరెరుగుదురు. కేంద్ర ప్రభుత్వము ఈ పథకమును 2008లో నెలకొల్పినది. ఇందు ఎంపికైన విద్యార్థికి 9వ తరగతి మొదలు 12వ తరగతి వరకు సంవత్సరమునకు 12,000 రూపాయల చొప్పున, అనగా నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. అయితే ఈ పరీక్ష వ్రాయు అవకాశము 8వ తరగతియందే గలదు. ఆ యేడు తప్పినచో మరల రాదు.

దరఖాస్తుకు కుటుంబాదాయ ధ్రువపత్రము కావలయును. మన పిల్లలలో పలువురి తండ్రులు దూరపు ఊళ్లలో పనులు చేసికొనుచుందురు గనుక, పాఠశాలలో వ్రాసియిచ్చిన ఈ-మెయిలు చిరునామాల కన్నింటికిని నేనొక జాబు పంపితిని. జాబు తెలుగులోనే వ్రాసితిని. దానికి "రూ. 12,000 సహాయము – వెంటనే దరఖాస్తు చేయుడు" అని శీర్షిక పెట్టి, ప్రభుత్వపు వెబ్‌సైటు లింకును, నింపవలసిన ఫారమును జతచేసితిని.

వారము దినముల తరువాత ఒక విద్యార్థి వచ్చి, "అయ్యవారూ, మా నాయనకు జాబేమీ రాలేదంట" అని చెప్పెను. "పంపితిని గదా నాయనా, సరిగా చూడమని చెప్పు" అని నేను బదులు చెప్పితిని. గడువు దాటిన మూడవనాడు ఆ తండ్రి పూణె నుండి ఫోను చేసి, "అయ్యవారూ, మీ జాబు నా ఫోనులోనే యున్నది. స్పామ్ అను పెట్టెలో పడియున్నది. ఆ పెట్టె యొకటి ఉన్నట్లే నాకు తెలియదు" అనిరి. అప్పటికి చేయగలిగిన దేమియు లేకపోయెను.

ఆ జాబును ఆపినదెవరు? ఏల ఆపిరి? నా తప్పెంత? మరల ఇట్లు జరుగకుండ మనమేమి చేయవలెను? వీనిని క్రమముగా విచారింతము.

ఈ-మెయిలు ప్రయాణము

మనము పంపిన జాబు నేరుగా ఎదుటివారి ఫోనునకు పోదు. మొదట మనకు ఖాతా నిచ్చిన సంస్థవారి సర్వరునకు చేరును. ఆ సర్వరు చిరునామాలోని '@' గుర్తు తరువాతి భాగమును చూచి, అందుకొనువారి సంస్థ సర్వరు ఎచ్చటనున్నదో కనుగొని దానికప్పగించును. అక్కడినుండి జాబు వారి పెట్టెలో పడును. తపాలాలో ఒక ఊరి ఆఫీసు నుండి మరియొక ఊరి ఆఫీసునకు సంచి పోవునట్లే ఇదియును జరుగును.

ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఇట్టి జాబును 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు మొదట పంపెను. '@' గుర్తును చిరునామాలో వాడినదియు ఆయనయే. సర్వర్లు ఒకదానితో నొకటి మాటలాడు పద్ధతిని 1982లో జోనథన్ పోస్టెల్ వ్రాసి ప్రకటించెను. ఎస్.ఎం.టి.పి. అను పేరుగల ఈ పద్ధతియే నేటికిని మార్పులతో నడచుచున్నది.

ఆ కాలమున ఈ వలలో నున్నవారు కొద్దిమంది పండితులు. ఒకరినొకరు ఎరిగినవారు. కావున 'పంపినవారు' అనుచోట వ్రాసిన పేరు నిజమా, అబద్ధమా యని పరీక్షించు ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు. కవరుపై ఎవరి పేరైనను వ్రాసి డబ్బాలో వేయవచ్చునుగదా! ఇదియు నట్లే. తరువాతి చిక్కులలో అనేకములకు మూలమిదియే.

స్పామ్ పుట్టుక

1978 మే 3వ తేదీన గ్యారీ థర్క్ అను కంప్యూటర్ల వ్యాపారి ఒకడు తన సంస్థ యంత్రములను ప్రకటించుచు సుమారు 400 మందికి ఒకే జాబును పంపెను. వారిలో ఎవరును ఆయనను అడిగినవారు కారు. కోరని ప్రకటనల జాబులకు ఇదియే ఆది యని చెప్పుదురు.

'స్పామ్' అనునది నిజమునకు 1937లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఒక డబ్బా మాంసము పేరు. 1970లో ఇంగ్లండు టెలివిజనులో ప్రదర్శించిన ఒక హాస్యనాటికలో దాదాపు ప్రతి వంటకమునందును ఈ మాంసమే యుండును. ఆ పేరునే మరల మరల అరచుచు కొందరు తక్కినవారి మాటలు వినబడకుండ చేయుదురు. అడుగని జాబులు మంచి జాబులను ముంచివేయుట చూచి జనులు వానికా పేరు పెట్టిరి.

తపాలా జాబునకు బిళ్ల కొనవలెను. లక్ష జాబులకు లక్ష బిళ్లలు కావలయును. ఈ-మెయిలునకు అట్టి ఖర్చు లేదు. లక్షమందికి పంపగా పదిమంది మోసపోయినను పంపినవానికి లాభమే. ఉద్యోగము, లాటరీ, స్కాలర్‌షిప్ అను పేర్లతో వచ్చు మోసపు జాబులు ఇట్టివే. అందుచే ఖాతాల నిచ్చు సంస్థలు తమ వాకిట జల్లెడలు కట్టవలసి వచ్చెను. ఆ జల్లెడలు లేనిచో నేడు మన పెట్టెలను తెరచుటయే కష్టమగును. ఈ మాటను మరువక, వాని లోపములను చూతము.

మొదటి జల్లెడ: వచ్చిన దారి

జాబు నప్పగించు సర్వరునకు అంకెలతో కూడిన చిరునామా యుండును. స్పామ్ పంపిన సర్వర్ల చిరునామాలను జాబితాగా వ్రాసి ఇతరులకు తెలుపు సంస్థలు కలవు. 1998లో స్థాపింపబడిన స్పామ్‌హౌస్ వానిలో ప్రసిద్ధమైనది. జాబితాలోనున్న చిరునామానుండి జాబు వచ్చినచో పెక్కు సర్వర్లు తలుపే తెరువవు.

ఇందు మేలును కలదు, కీడును కలదు. తక్కువ ధరకు సర్వరు నిచ్చుచోట ఒకే చిరునామాను అనేకులు పంచుకొందురు. వారిలో నొకడు స్పామ్ పంపెనా, తక్కినవారి మంచి జాబులును ఆగిపోవును. ఒక ఇంటివాని తప్పునకు వీధి అంతటికిని నీళ్లు కట్టివేసినట్లు!

రెండవ జల్లెడ: పంపినవారి గుర్తు

1982 పద్ధతిలో లేని పరీక్షను తరువాత మూడు విధములుగా చేర్చిరి. మొదటిది ఎస్.పి.ఎఫ్. "మా పేరుతో జాబులు పంపుటకు ఈ సర్వర్లకు మాత్రమే అధికారము గలదు" అని ఒక సంస్థ ప్రకటించు జాబితా ఇది. రెండవది డి.కె.ఐ.ఎం. ఇది జాబుపై వేయు గణితపు ముద్ర. దారిలో ఒక అక్షరము మారినను ముద్ర సరిపోదు. మూడవది డి.మార్క్. పై రెండు పరీక్షలలో తప్పిన జాబును తీసికొనవలెనా, స్పామ్ పెట్టెలో వేయవలెనా, త్రిప్పి పంపవలెనా యని సంస్థ ముందుగా తెలుపు ఆజ్ఞ ఇది.

2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున జాబులు పంపువారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. జీమెయిలు ఖాతాలకు దినమునకు 5,000 జాబులు పంపువారు గూగుల్ లెక్కలో పెద్దయెత్తున పంపువారు. వారి జాబులను గూర్చి ఫిర్యాదులు 1,000కి 3 చేరకూడదు. ఇకపై జాబులు వద్దనుకొన్నవారు ఒక్క నొక్కుతో తప్పించుకొను వీలుండవలెను.

ఇక్కడను ఒక చిక్కు గలదు. కొందరు పాత ఖాతాకు వచ్చు జాబులు తమంతట క్రొత్త ఖాతాకు పోవునట్లు ఏర్పాటు చేసికొందురు. అప్పుడు జాబు క్రొత్త ఖాతాకు పాత ఖాతా సర్వరునుండి వచ్చును. ఆ సర్వరు పంపినవారి జాబితాలో ఉండదు. జాబు నిజమైనదే యైనను మొదటి పరీక్షలో తప్పును.

మూడవ జల్లెడ: సంఖ్య

ఉచిత ఖాతానుండి దినమునకు ఇన్ని జాబులకు మించి పంపరాదను హద్దు గలదు. సామాన్య జీమెయిలు ఖాతాకు ఇది 500. హద్దు మీరినవారు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినము వరకు, ఏ జాబును పంపజాలరు. జతచేయు కాగితముల బరువు 25 మెగాబైట్లను మించరాదు. కంప్యూటరులో తనంతట పనిచేయు ప్రోగ్రామును జతచేసినచో జాబు కదలనే కదలదు.

హద్దులోపల నున్నను అనుమానము రావచ్చును. నిత్యము రెండు మూడు జాబులు వ్రాయు ఉపాధ్యాయుడు ఒకనాడు హఠాత్తుగా రెండువందల మందికి ఒకే జాబు పంపిన యెడల, వాని ఖాతాను దొంగలెవరైనను పట్టుకొనిరా యని యంత్రము శంకించును. పైగా నేను పంపిన చిరునామాలలో కొన్ని తప్పులు. పాత రిజిస్టరునుండి ఎత్తి వ్రాయుటలో అక్షరములు మారినవి. లేని చిరునామాలకు జాబులు పంపుట స్పామ్ పంపువారి లక్షణము. ఏలయన వారు చిరునామాలను ఊహించి పంపుచుందురు. ఈ తప్పు నాది.

నాలుగవ జల్లెడ: మాటల లెక్క

ఇందు మీరు గణితములో నేర్చిన సంభావ్యత పనికివచ్చును. 18వ శతాబ్దిలో ఇంగ్లండునందు థామస్ బేస్ అను మతగురువు ఉండెను. ఆయన మరణానంతరము 1763లో ప్రకటింపబడిన వ్యాసమునందలి సూత్రమును స్పామ్ పట్టుటకు వాడవచ్చునని 1998లో కొందరు పరిశోధకులు చూపిరి. 2002లో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసముతో అది ప్రచారమునకు వచ్చెను. ఉదాహరణము చూడుడు.

ఒక పెట్టెకు 1,000 జాబులు వచ్చినవనుకొందము. వానిలో 600 స్పామ్, 400 మంచివి. 'బహుమతి' అను మాట స్పామ్ జాబులలో 150 యందును, మంచి జాబులలో 10 యందును ఉన్నది. ఇప్పుడు ఆ మాట గల క్రొత్త జాబు వచ్చినది. ఆ మాట గల జాబులు మొత్తము 160. వానిలో 150 స్పామ్. 150ని 160చే భాగింపగా 0.9375. అనగా నూటికి 94 వంతులు అది స్పామ్ అని జల్లెడ తలచును. పాపము, అది మన పాఠశాల బహుమతి ప్రదానోత్సవపు ఆహ్వానము కావచ్చును!

అయితే జల్లెడ ఒక్క మాటనే చూడదు. 'తరగతి' అను మాట 600 స్పామ్ జాబులలో 6 యందును, 400 మంచి జాబులలో 120 యందును ఉన్నదనుకొందము. అనగా స్పామ్‌లో నూటికి 1, మంచివానిలో నూటికి 30. ఈ మాట మంచి జాబులలో 30 రెట్లు ఎక్కువ. మొదటి మాటను బట్టి స్పామునకు, మంచికి గల నిష్పత్తి 15 : 1. దానిని 30చే తగ్గింపగా 15 : 30, అనగా 1 : 2 అయినది. ఈ రెండు మాటలును గల జాబులు మూడింటిలో ఒకటి మాత్రమే స్పామ్. మన ఆహ్వానము బ్రతికి బయటపడినది. (రెండు మాటలకు తమలో తమకు సంబంధము లేదని జల్లెడ అనుకొనుటచే ఈ లెక్క ఇంత సులభమైనది.)

నేటి పెద్ద సంస్థల జల్లెడలు ఇంతకంటె జటిలములు. ఐనను మూలసూత్రము మారలేదు. ఇంతకుముందు చూచిన జాబులను బట్టి క్రొత్త జాబును తూచుటయే అది.

తెలుగు జాబునకు వచ్చు చిక్కు

ఇప్పుడు నా జాబును ఈ లెక్కతో తూచి చూడుడు. 'తరగతి' అను మాట జాబును రక్షించుటకు కారణమేమి? ఆ మాటను జల్లెడ ముందు పలుమారులు చూచి లెక్కపెట్టియుండుటయే. తెలుగు జాబులు అరుదుగా చూచిన జల్లెడకు మన మాటల లెక్కయే తెలియదు. ఎరుగని మాటకు మంచిలేదు, చెడులేదు. దానికి సాక్ష్యమిచ్చు శక్తి లేదు.

మన భాషా స్వభావము వలన మరియొక చిక్కు. తరగతి, తరగతిలో, తరగతికి, తరగతులు అని విభక్తి వచనములతో మన మాట రూపము మారును. ఖాళీల వద్ద మాటలను విడదీసి లెక్కించు జల్లెడకు ఇవి నాలుగు వేరు మాటలు. ఒకచోట చేరవలసిన సాక్ష్యము నాలుగుచోట్ల చెదరిపోవును.

కాని నా జాబులో '12,000' అను అంకె, ఒక లింకు, జతచేసిన ఫారము ఉన్నవి. ఇవి అన్ని భాషలవారి స్పామ్ జాబులలోను ఉండునవే. వీనిని జల్లెడ బాగుగా ఎరుగును. మంచికి సాక్ష్యమిచ్చు తెలుగు మాటలు దానికి వినబడవు. అనుమానము పుట్టించు అంకెలు, లింకులు మాత్రము చక్కగా కనబడును. నా జాబు ఏల ఆగెనో ఆ సంస్థ చెప్పలేదు. కాని ఇట్టి జాబు ఆగుటలో వింత లేదని ఇప్పుడు మీకు బోధపడును.

జల్లెడ నడుపువారు భాషను బట్టియే జాబును శంకించు ఏర్పాటును గలదు. స్పామ్‌అసాసిన్ అను ప్రసిద్ధమైన జల్లెడలో జాబునందలి ఒక్కొక్క లక్షణమునకు కొన్ని మార్కులు. సాధారణముగా 5 మార్కులు చేరినచో అది స్పామ్. "మాకు ఈ భాషల జాబులే కావలెను" అని నడుపువారు వ్రాసికొన్నచో, ఇతర భాషల జాబునకు అదనపు మార్కులు పడును. ఒకే భాష చదువు కచేరీలో అది న్యాయముగనే తోచును. కాని మనవలె ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, కచేరీలో మరియొక భాష వాడు కుటుంబములను ఆ ఏర్పాటు చేసినవారు తలపలేదు.

రెండు విధముల పొరపాట్లు

జల్లెడ రెండు తప్పులు చేయగలదు. చెడ్డ జాబును లోనికి విడుచుట ఒకటి. మంచి జాబును ఆపుట రెండవది. కన్నులను చిన్నవి చేసిన మొదటి తప్పు తగ్గి రెండవది పెరుగును. పెద్దవి చేసిన ఇందుకు విపరీతము. రెండును లేని జల్లెడ లేదు.

ఈ రెండు తప్పులును సమానములు కావు. లోనికి వచ్చిన చెడ్డ జాబును మనము చూచి తీసివేయగలము. ఆగిన మంచి జాబు సంగతి మనకు తెలియదు. సర్వరు జాబును తిరస్కరించినచో పంపినవారికి ఒక ఉత్తరువు తిరిగి వచ్చును. అందు 4తో మొదలగు సంఖ్య యున్న అడ్డంకి తాత్కాలికము. పంపిన సర్వరు మరల ప్రయత్నించును. 550 మొదలగు 5తో ప్రారంభమగు సంఖ్య యున్న తిరస్కారము ఖాయము. చిరునామాను సరిచూచుకొనవలెను. కాని స్పామ్ పెట్టెలో పడిన జాబు చేరినట్లే లెక్క. పంపినవారు చేరినదని తలతురు. అందవలసినవారు రాలేదని తలతురు. ఇద్దరును నిజమే చెప్పుదురు. నా విద్యార్థియు నేనును ఆనాడు మాటలాడుకొన్న దిట్లే.

మనము చేయవలసినవి

తల్లిదండ్రులకు మనవి. వారమున కొకసారి స్పామ్ పెట్టెను తెరచి చూడుడు. జీమెయిలులో అచ్చటి జాబులు 30 దినముల తరువాత తమంతట చెరిగిపోవును. పాఠశాల జాబు కనబడినచో "స్పామ్ కాదు" అను గుర్తును నొక్కుడు. పాఠశాల చిరునామాను మీ ఫోను చిరునామాల పుస్తకములో చేర్చుకొనుడు. ఒక్క మాటైనను ప్రత్యుత్తరము వ్రాయుడు. ఈ పనులవలన మీ జల్లెడ నేర్చుకొనును.

అయితే స్పామ్ పెట్టెలోని జాబులలో పెక్కు నిజముగా మోసపు జాబులే. కావున అచ్చటి లింకులను నొక్కవలదు. కనబడు పేరును నమ్మక, '@' తరువాతి భాగమును అక్షరమక్షరము చదువుడు. డబ్బు సంగతి యున్నచో పాఠశాలకు ఫోను చేసి అడుగుడు. బ్యాంకు నంబరును, ఓ.టి.పి.ని ఏ జాబునకును బదులుగా పంపవలదు. విద్యార్థులారా, మీ యింట ఈ పని తెలిసినవారు మీరే యైనచో, పెద్దలకు ఓపికతో చూపుడు.

పాఠశాలవారు చేయవలసినదియు గలదు. ఒకేమారు అందరికిని గాక, తరగతి తరగతికి వేరుగా పంపవలెను. చిరునామాలను ఏటేట సరిచూడవలెను. శీర్షికలో డబ్బు సంఖ్యను, 'వెంటనే' అను మాటను మాని, పాఠశాల పేరును, తరగతిని వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యము, ప్రత్యుత్తరము రానివారికి చేరలేదనియే భావించి, ఫోను ద్వారా గాని, పిల్లవాని చేతి చీటి ద్వారా గాని మరల తెలుపవలెను. పంపుటతో పని తీరదు. అందినదని తెలిసినప్పుడే తీరును.

ఈ సంవత్సరమునుండి మన పాఠశాలలో ఇట్లే చేయుచున్నాము. స్కాలర్‌షిప్ జాబునకు ఎవరినుండి బదులు వచ్చినది, ఎవరినుండి రాలేదు అను పట్టిక ఆఫీసు గోడపై వ్రేలాడుచున్నది. ఆ పట్టికను దినదినము నింపు పనిని, ఇప్పుడు 9వ తరగతి చదువుచున్న ఆ బాలుడే అడిగి తీసికొన్నాడు.

అభ్యాసము

1. 1982 నాటి పద్ధతిలో పంపినవారి పేరును పరీక్షించు ఏర్పాటు ఏల లేకపోయెను?
2. పై ఉదాహరణములోని 1,000 జాబులలో 'వెంటనే' అను మాట 120 స్పామ్ జాబులయందును, 40 మంచి జాబులయందును ఉన్నదనుకొనుడు. ఆ మాట గల జాబు స్పామ్ అగుటకు సంభావ్యత యెంత?
3. 'తరగతి' అను మాటకు ఎన్ని రూపములు వ్రాయగలరో వ్రాయుడు. ప్రతి రూపమును వేరు మాటగా లెక్కించుటవలన కలుగు నష్టమేమి?
4. జల్లెడ చేయు రెండు పొరపాట్లలో ఏది యెక్కువ హానికరము? కారణములు చెప్పుడు.
5. మీ యింటివారి స్పామ్ పెట్టెను పెద్దల యెదుట తెరచి, అందు పొరపాటున పడిన మంచి జాబులు ఎన్ని యున్నవో, అవి ఏ భాషలో నున్నవో వ్రాసికొని రండు.